చలిలో మొలిచిన చుక్కలు

మా ల్యాబులో పాత ప్లేట్లు పారేసే రోజు శనివారం. క్రిములు మొలిచాయేమో చూడటం అయిపోయిన ప్లేట్లను వారమంతా ఫ్రిజ్‌లో పేర్చి ఉంచుతాం. శనివారం వాటిని ఆటోక్లేవ్‌లో ఉడికించి, అందులోని క్రిములన్నీ చచ్చాకే చెత్తలో వేస్తాం. ఆటోక్లేవ్ అంటే వంటింటి ప్రెషర్ కుక్కర్ లాంటిదే, కాకపోతే నడుమెత్తు ఉంటుంది. ఆ నెలలో దాని మూతకుండే రబ్బరు పగిలింది. కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల ప్లేట్లూ ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి.

ఆ రబ్బరు పగలకపోయి ఉంటే నాకేమీ తెలిసేది కాదు.

మా ఫ్యాక్టరీలో మెత్తటి చీజ్ తయారవుతుంది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ముక్క మా బల్ల మీదికి వస్తుంది. దాన్ని నలిపి, నీళ్ళలో కలిపి, మట్టిరంగు జెల్లీ పోసిన ప్లేట్ల మీద పూసి, ఇంక్యుబేటర్ అనే వెచ్చటి పెట్టెలో ముప్పై ఏడు డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచుతాం. ముప్పై ఏడంటే మనిషి ఒంటి వేడి. రెండు రోజుల తర్వాత ప్లేటు మీద ఏమీ మొలవకపోతే బ్యాచ్ శుభ్రమని సంతకం పెడతాం. అప్పుడు లారీ కదులుతుంది.

ఆ సంతకాలు పెట్టేది ఇద్దరం. నేనూ, మా సీనియర్. ఆయన్ని అందరూ ఓకే గారు అంటారు. ఇరవై రెండేళ్ళుగా కాగితాల మీద ఓకే రాసి రాసి ఆయనకా పేరు వచ్చింది. మంచి మనిషి. నేను చేరిన కొత్తలో పిపెట్ అనే కొలత గొట్టం పట్టుకుంటే చెయ్యి వణికేది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదట. పెద్ద పెద్ద గాజు సామాను పగలగొడితే ఎవరు కడతారా అని భయపడేదాన్ని. "పగిలితే పగిలిందమ్మా, గాజు ఉన్నదే అందుకు," అని ఆయనే నా భయం పోగొట్టారు.

ఇందులోకి మా అక్క ఎలా వచ్చిందంటే, ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని ప్యాకెట్లు మేం చల్లగదిలో దాచి ఉంచుతాం. బయట ఎవరైనా ఫిర్యాదు చేస్తే తీసి చూడటానికి. వారం రోజుల గడువు దగ్గరపడ్డాక శుక్రవారం సాయంత్రం వాటిని సిబ్బందికి పంచేస్తారు. నా వాటా నేనెప్పుడూ తినలేదు. నలభై నిమిషాలు బస్సులో నిలబడి మా అక్కకి తీసుకెళ్ళేదాన్ని. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కుట్టుమిషన్ తొక్కి నా ఫీజులు కట్టింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఇప్పుడు కడుపుతో ఉంది. ఏడో నెల.

"ఏంటే సైంటిస్టూ, ఈసారెన్ని?" అని సంచి లాక్కునేది.

"నాలుగు. వేడి చేసుకుని తిను."

"వేడి చేస్తే జారిపోతుంది. చల్లగా ఉంటేనే బావుంటుంది. లోపలున్నవాడికీ చల్లగానే కావాలి. తన్ని మరీ అడుగుతున్నాడు."

"వాడో అదో నీకెలా తెలుసు?"

"తన్నుడు చూస్తే తెలీట్లా? మీ బావ పోలికే."

లిఫ్టులు బాగుచేసే మా బావ నూనె చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి తొంగిచూసేవాడు. "నేనెప్పుడు తన్నానే?"

"నిద్రలో. నా నడుముని అడుగు, చెప్తుంది."

ఒక శుక్రవారం ప్యాకెట్టు చింపుతూ అక్క ఆగింది. "ఏమీ ఉండవు కదే ఇందులో? డాక్టరమ్మ అన్నీ చూసి తినమంది."

"నేనే చూశానక్కా. నేనే సంతకం పెట్టాను."

"అయితే ఇంకేం," అని తినేసింది.

రబ్బరు సోమవారం వచ్చింది. మంగళవారం పొద్దున్నే పాత ప్లేట్లు ఆటోక్లేవ్‌లో సర్దడానికి ఫ్రిజ్ తలుపు తెరిచాను. అన్నీ శుభ్రంగా ఉన్న ప్లేట్లే, అందుకే చూడకుండా పది పదిగా దొంతర పెట్టి తీస్తున్నాను. అడుగు దొంతరలోని పై ప్లేటు మూత తడిగా ఉండి జారింది. పట్టుకున్నాను. చేతిలో ఉన్నది కాబట్టి చూశాను. మట్టిరంగు మీద ఆవగింజ కన్నా చిన్న చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ జెల్లీ నల్లబడి ఉంది.

కింద ప్లేటు తీశాను. నాలుగు చుక్కలు. దాని కింద ఏమీ లేవు. ఆ కిందది తీస్తే పదకొండు.

ఆ జెల్లీ లిస్టీరియా అనే క్రిమిని పట్టుకోవడానికి చేసింది. అది మొలిస్తే చుట్టూ నల్లబడుతుంది.

"సార్, ఇటొకసారి రండి," అన్నాను.

"ఏంటమ్మా, బొద్దింకా?"

"మొలిచాయి."

ఓకే గారు కళ్ళజోడు నుదుటి మీంచి దింపి, ప్లేటును వెలుతురుకి ఎత్తి చూశారు. "ఇవి మూడు వారాల కిందటివి కదా? మూడు వారాలు ఫ్రిజ్‌లో పెడితే నేనైనా మొలుస్తాను."

"ఫ్రిజ్‌లో ఉన్నది నాలుగు డిగ్రీలు సార్. నాలుగులో ఏది మొలుస్తుంది?"

ఆయన నవ్వు ఆపారు. నాకు మా కాలేజీ మేడమ్ బోర్డు మీద గీసిన గీతలు గుర్తొచ్చాయి. క్రిములను మూడు జాతులుగా విడదీసి చెప్పేది ఆవిడ. చలిలో పెరిగేవి, నడిమి వేడిలో పెరిగేవి, మరిగే ఊటల్లోనూ పేడకుప్పల్లోనూ పెరిగేవి. ఒక్కోదానికి ఒక్కో కొండ గీసేది. వేడి పెరిగేకొద్దీ ఎడమవైపు వాలు నెమ్మదిగా ఎక్కుతుంది, శిఖరం దాటాక కుడివైపు నిట్టనిలువుగా పడిపోతుంది. "కుడివైపు చూసుకోండి. అంచు దాటి ఒక్క డిగ్రీ ఎక్కువైనా అది పెరగదు. పెరగనిదల్లా చచ్చిందనుకోకండి," అనేది. మేం పరీక్షకి ఎడమవైపే చదివి వెళ్ళేవాళ్ళం.

నిజమైన చలి జాతి అయితే మనిషికి భయం లేదు. మన ఒంటి వేడికి అది పెరగలేదు. మనం దానికి కొలిమి. పాలు విరుస్తుంది, వాసన తెస్తుంది, అంతే. లిస్టీరియా అలా కాదు. అది నడిమి జాతిదే, మనిషి ఒంట్లో హాయిగా పెరుగుతుంది. కానీ చలికి చావదు. ఫ్రిజ్‌లో నింపాదిగా, రోజుకి కొంచెం చొప్పున పెరుగుతూ కూర్చుంటుంది. మామూలు మనిషికి నాలుగు రోజుల జ్వరం తెచ్చి పోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రం పైకి కాస్త ఒళ్ళు నొప్పులే. లోపలికి వెళ్ళి బిడ్డను పట్టుకుంటుంది.

వెంటనే ఒక ఆలోచన వచ్చింది. "సార్, ఈ ప్లేట్లు రెండు రోజులు ముప్పై ఏడులో ఉన్నవే కదా. అప్పుడు మొలవలేదు. చలిలోనే మొలిచాయి. అంటే ఇది చలి జాతే!"

"మరింకేం! ఉత్తదానికి ప్రాణాలు తీశావు. అమాయకప్పురుగులు కూడా ఒక్కోసారి ఈ జెల్లీని నల్లగా చేస్తాయి. టీ తాగి రా పో."

నేను టీకి వెళ్ళలేదు. రుజువు చేసి మనసు తేలిక చేసుకుందామనుకున్నాను. ఒక నల్ల చుక్కను సూదితో తీసి కొత్త ప్లేటు మీద గీసి, ముప్పై ఏడులో పెడితే రేపటికి ఏమీ మొలవదు, అప్పుడు నిశ్చింతగా నిద్రపోవచ్చు. ప్లేటు పట్టుకుని ఇంక్యుబేటర్ తలుపు తీశాను. పై అర నిండా ప్లేట్లున్నాయి. కింది అరలో చోటు చేద్దామని వంగాను. ముఖానికి వేడి తగిలింది.

కింది అర మూలలో నీళ్ళ సీసా, అందులో ముంచిన థర్మామీటర్ ఉంటాయి. రోజూ పొద్దున దాన్ని చూసి రిజిస్టర్‌లో రాయాలన్నది నియమం. సీసా బయటికి లాగి చూశాను. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

నలభై ఆరు.

పెట్టె ముందు ఎర్రటి అంకెల్లో ముప్పై ఏడు అనే వెలుగుతోంది. మూడు వారాల కిందట గోడకి రంగు వేసేవాళ్ళు పెట్టెను జరిపారు. వెనక చిల్లులోంచి లోపలికి వెళ్ళే, వేడి కొలిచే సెన్సర్ తీగ సగం బయటికి వచ్చేసి ఉంది. దానికి బయటి చల్లగాలి తగులుతోంది. పెట్టె ఇంకా చల్లగా ఉందనుకుని అది హీటరును రాజేస్తూనే ఉంది.

లిస్టీరియా కొండ నలభై అయిదు దగ్గర పడిపోతుంది. నలభై ఆరులో అది మొలవదు. కొన్ని చస్తాయి, కొన్ని సొమ్మసిల్లి పడి ఉంటాయి. తీసి ఫ్రిజ్‌లో పెడితే తేరుకుంటాయి. అంటే ఆ ప్లేట్లు మాకు ఏమీ చెప్పలేదు. శుభ్రమని మేమే అనుకున్నాం.

రిజిస్టర్ తీయాలనిపించలేదు. అందులో ఏముందో తెలుసు. సోమవారం పొద్దున్నే ఆ వారం ఆరు గళ్ళలోనూ ముప్పై ఏడు, ముప్పై ఏడు అని ఒకేసారి రాసేయడం మా ల్యాబు అలవాటు. "రోజూ అదే కదమ్మా, ఆరుసార్లు పెన్ను ఎత్తడం ఎందుకు," అని ఓకే గారు మొదటి వారమే నేర్పారు. నాకది తప్పనిపించింది. పెద్దాయన మాట కాదనడం అంతకన్నా తప్పనిపించింది. ఏడాదిగా ఆ గళ్ళు నింపుతున్నది నేను. ఆ మంగళవారం గడిలో కూడా ముప్పై ఏడు ఉంది. నిన్ననే రాశాను. రాబోయే శనివారం గడిలో కూడా.

ఓకే గారిని పిలిచి థర్మామీటర్ చేతికిచ్చాను. ఆయన అంకె చదివి తలుపు వైపు చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "తొందరపడకు," అన్నారు. "ఇంకో దారిలో ముప్పై ఏడు తయారుచేసి చూద్దాం. నీళ్ళు వేడిచేసే తొట్టి ఉందిగా. రేపటికి తెలిసిపోతుంది. చలి జాతి అయితే ఈ మాట మనిద్దరి మధ్యే ఉండిపోతుంది."

"కాకపోతే?"

"కాకపోతే రేపు చెబుదాం. ఒక్క రోజు. ఆ రాత నీది, గుర్తుపెట్టుకో. నిన్ను బెదిరించడం లేదమ్మా, నీ మంచికే."

నీళ్ళ తొట్టిని ముప్పై ఏడుకి తెచ్చి, రెండు థర్మామీటర్లు ముంచి, రెండూ ఒకటే చెబుతున్నాయని నాలుగుసార్లు చూశాను. నల్ల చుక్కను గీసిన ప్లేటును బిగుతైన డబ్బాలో పెట్టి ముంచాను. పక్కనే ఇంకో ప్లేటు, ముప్పై ఏడులో తప్పక పెరుగుతుందని తెలిసిన మా ల్యాబు క్రిమితో. అది మొలిస్తేనే తొట్టిని నమ్మవచ్చు. రెండోదాన్ని అలా పక్కన పెట్టాలని నాకెవరూ చెప్పలేదు. ఆ పూట దేన్నీ నమ్మే స్థితిలో లేను.

తర్వాత మెట్ల కిందికి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నావక్కా?"

"పడుకున్నా. నడుం విరిగిపోతోంది. నిన్నటి నుంచి కాస్త ఒళ్ళు కాలుతోంది కూడా. పనివేళలో ఫోనేంటి? ఏమైందే, గొంతేంటి అలా ఉంది?"

"ఏం లేదు. కదులుతున్నాడా?"

"పొద్దున్నుంచి మొద్దునిద్ర. మీ బావకి సెలవు రోజు ఎట్లాగో అట్లా." నవ్వబోయి దగ్గింది. "చలిగా ఉందే. రెండు దుప్పట్లు కప్పుకున్నా."

మెట్ల కింద చీపురు కట్టల మధ్య కూలబడి, రేపు సాయంత్రానికి ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కపెట్టాను. ముప్పై. ఆ ముప్పై గంటల్లో ఆ క్రిమి అక్క ఒంట్లో ఉంటే, దానికి నచ్చిన వేడిలో ఉంటే, ఒకటి రెండవడానికి గంట పట్టదు. ఫ్రిజ్‌లో మూడు వారాలు ఓపిక పట్టిన క్రిమి అది.

పైకి వెళ్ళి కోటు విప్పేశాను. "సార్, నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. మీరు లారీలు ఆపండి."

"ఏం చెప్పి ఆపను?"

"మీ ఇష్టం. రేపు మేనేజర్‌గారికి అంతా నేను చెబుతాను. అక్కకి మాత్రం ఇవాళే చెప్పాలి."

"ఉద్యోగం పోతుందమ్మా," అన్నారాయన. నేను తలుపు దాటాక వెనకనుంచి, "లారీలు ఆపుతాలే, వెళ్ళు," అన్నది వినిపించింది.

బస్సులో నలభై నిమిషాలూ ఎలా చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. అక్క ముఖం చూశాక ఒక్కటీ మిగల్లేదు. బుగ్గలు కంది ఉన్నాయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. బావ తడిగుడ్డ పిండుతున్నాడు. నిలబడే చెప్పేశాను. ప్లేట్లు, పెట్టె, నలభై ఆరు, రిజిస్టర్, అన్నీ.

బావ చేతిలో గుడ్డ నుంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. "అంటే చూడకుండానే రాశావా?" అన్నాడు.

"అవును బావా."

"లిఫ్టు తాడు చూడకుండా నేను బాగుందని రాస్తే జనం చస్తారు. తెలుసా నీకు?"

"ఏయ్, ఆగు," అంది అక్క. తర్వాత నావైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది. "నువ్వు చూశానంటేనే కదే నేను తిన్నది," అంది, చిన్నపిల్ల అడిగినట్టు. నేను ఆటో పిలవడానికి వీధిలోకి పరుగెత్తాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ జ్వరం చూసింది, పొట్ట మీద చెయ్యి వేసి చూసింది, మామూలు జ్వరంలాగే ఉందే అంది. నేను ముందుకొచ్చి లిస్టీరియా పేరు చెప్పాను. ఆవిడ కాగితం మీంచి తల ఎత్తింది.

"ల్యాబు రిపోర్టు ఉందా?"

"లేదండీ. రేపు సాయంత్రానికి తెలుస్తుంది."

"మరి ఇవాళ దేన్నిబట్టి చెబుతున్నారు?"

"మేం సరిగ్గా చూడలేదండీ. ఫ్రిజ్‌లో నల్లగా మొలిచింది. అది చలి జాతిదో, ఒంట్లో పెరిగేదో ఇంకా తెలియదు. ఒంట్లో పెరిగేదైతే ఈవిడ మూడు వారాలుగా తింటోంది."

"తినిపించిందెవరు?"

"నేనే."

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసి నర్సును పిలిచింది. "రక్తం తీసి కల్చర్‌కి పంపించు. డ్రిప్పులో మందు ఇప్పుడే మొదలుపెట్టు." తర్వాత మాకు చెప్పింది: "అది కాదని తేలితే మందు ఆపేద్దాం, నష్టం లేదు. అదే అని తేలేదాకా ఆగితే..." అక్క నా చెయ్యి పట్టుకోలేదు. బావది పట్టుకుంది.

బుధవారం సాయంత్రం నాలుగున్నరకి నీళ్ళ తొట్టిలోంచి డబ్బా తీశాను. ఓకే గారు పక్కన నిలబడ్డారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏం అనుకుంటున్నారో నేనడగలేదు. నేను మాత్రం చలి జాతి కావాలి, చలి జాతి కావాలి అని లోపల లోపల గొణుక్కున్నాను. ముందు తెలిసిన క్రిమి ప్లేటు తీశాను. గీత పొడుగునా మొలిచింది. తొట్టి నిజమే చెబుతోంది.

నల్ల చుక్కది తీశాను. గీత పొడుగునా మొలిచింది. దాని చుట్టూ నల్లటి చారలు.

చలిలోనూ పెరుగుతుంది. మనిషి ఒంటి వేడిలోనూ పెరుగుతుంది. ప్లేటు బల్ల మీద పెట్టబోతే మూత టకటకలాడింది. ఓకే గారు మూత మీద చెయ్యి వేసి ఆ చప్పుడు ఆపారు.

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "సరే. మందు అదే, మోతాదు పెంచుతాను," అంది ఆవిడ.

మేనేజర్ గదిలో రిజిస్టర్ తెరిచి ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయనకి కోపం రావడానికి కూడా కొంతసేపు పట్టింది. "చూడకుండా రాశావా? చదువుకున్నదానివి కదా! ఇక్కడ నీ ఒక్కదానికే ఆ చదువు ఉందని నిన్ను పెట్టుకుంటే..."

"సార్," అన్నారు ఓకే గారు తలుపు దగ్గర నుంచి. "అలా రాయమని నేర్పింది నేను. ఈ అమ్మాయి రాకముందు ఇరవై ఏళ్ళు రాసింది కూడా నేనే. పాత రిజిస్టర్లు అటకమీద ఉన్నాయి."

మేనేజర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎన్ని బ్యాచులు?"

"పదకొండు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఫోన్ తీశాడు. దుకాణాలకు, గిడ్డంగులకు, అధికారులకు వరుసగా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇద్దరినీ ల్యాబులోకి వెళ్ళవద్దన్నాడు. ఉద్యోగం మాట తర్వాత చూద్దాం, ఇప్పుడు ప్యాకెట్లు తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు రాయండి అన్నాడు.

పేర్లు రాస్తుండగానే కబురు పాకిపోయింది. ప్యాకింగ్ గదిలో పనిచేసే ఆడవాళ్ళు తల టోపీలతోనే గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డారు. శుక్రవారం ప్యాకెట్లు అందరూ తీసుకెళ్ళినవాళ్ళే. ఒకావిడ నన్నే సూటిగా అడిగింది. "మా అత్తకి పళ్ళు లేవమ్మా, మెత్తగా ఉంటుందని రోజూ అదే పెడుతున్నా. ఏమవుతుందమ్మా?" ఇంకొకావిడ, "మా పిల్లకి వారం నించి విరేచనాలు. దాని వల్లేనా?" ఎవరూ నన్ను తిట్టలేదు. ఏం చెయ్యాలో నన్నే అడుగుతున్నారు. ముసలివాళ్ళు, పసిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలని, లిస్టీరియా అన్న పేరు అక్కడ చూపించమని ఒక్కొక్కరికీ చీటీ రాసిచ్చాను. నలభై రెండు చీటీలు. రాస్తున్నంతసేపూ ఆ పళ్ళులేని ముసలావిడ నా కళ్ళముందు నములుతూనే ఉంది.

శుక్రవారానికి అక్క రక్తంలో కూడా అదే క్రిమి మొలిచిందని ఆస్పత్రి ల్యాబు చెప్పింది. మందు అప్పటికే మూడు రోజులుగా ఎక్కుతోంది. జ్వరం దిగుముఖం పట్టింది. "తల్లి గట్టెక్కినట్టే," అంది డాక్టరమ్మ. "బిడ్డ మాట ఇప్పుడే చెప్పలేను. గుండె కొట్టుకుంటోంది. కానీ క్రిమి అక్కడిదాకా వెళ్ళిందా లేదా అన్నది పుట్టాకే తెలుస్తుంది. ఇంకో రెండు వారాలు డ్రిప్పు ఉండాలి. రోజుకి రెండుసార్లు కదలికలు చూసుకోండి. రెండు గంటల్లో పదిసార్లు కదలాలి. తగ్గితే ఏ వేళయినా సరే నన్ను పిలవండి."

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి అక్క ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. చేతికి సూది, పొట్ట మీద చెయ్యి. గోడ గడియారం కేసి చూస్తోంది. బావ మంచం పట్టీ మీద కూర్చుని ఉన్నాడు. మంగళవారం నుంచి ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఎన్నయ్యాయి?" అన్నాను.

"ఏడు," అంది అక్క. "మొదలుపెట్టి గంట దాటింది. లోపలికి రావేం, అక్కడే పాతుకుపోయావు?"

లోపలికి వెళ్ళి గోడకి ఆనుకున్నాను. నర్సు వచ్చి డ్రిప్పు సరిచేసి వెళ్ళింది. పక్క గదిలో ఎవరిదో ఫోన్ మోగి ఆగింది. అక్క ముఖంలో ఏ చిన్న మార్పు వచ్చినా నేనూ బావా ఒకేసారి ముందుకు వంగుతున్నాం.

"ఎనిమిది," అంది. కాసేపటికి, "తొమ్మిది. ఇది పెద్దది."

ఆ తర్వాత ఏమీ లేదు. పది నిమిషాలు. ఇరవై. అక్క నీళ్ళు తాగింది, ఇటు తిరిగింది, మళ్ళీ అటు తిరిగింది. "లేవరా నాన్నా," అని పొట్ట మీద వేళ్ళతో తట్టింది. బావ లేచి కిటికీ దాకా వెళ్ళి, బయటికి చూడకుండానే వెనక్కి వచ్చాడు. గంటన్నర దాటింది. డాక్టరును పిలవనా అని నేను అడగబోయి, పైకి అంటే ఏమవుతుందోనని నోరు మూసుకున్నాను. చూడకుండా ధైర్యం చెప్పే హక్కు నాకు పోయింది. చూసి చెప్పడానికి ఇక్కడ నా చేతిలో ప్లేటూ లేదు, థర్మామీటరూ లేదు.

"ఏమే," అంది అక్క ఉన్నట్టుండి. "ఇలా రా. చెయ్యి పెట్టు. నాకు తెలియట్లేదు, ఇది వాడో నా పేగులో."

నా చెయ్యి లేవలేదు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన పొట్ట అది. దానిలోకి పోయిందంతా ఈ చేత్తోనే.

"వెళ్ళు," అన్నాడు బావ. మంచం కింద ఉన్న ముక్కాలిపీట కాలితో ఇవతలికి లాగి నావైపు తోశాడు. నా ముఖం చూడలేదు. "కూర్చో."

కూర్చుని, అక్క చూపించిన చోట అరచెయ్యి ఆనించాను. నైటీ బట్ట కింద పొట్ట గట్టిగా, వెచ్చగా ఉంది. ఊపిరి బిగబట్టాను. అక్క కూడా బిగబట్టింది. గడియారం చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. నా నాడి కొట్టుకుంటే అదే అనుకుని ఉలిక్కిపడ్డాను, కాదు. మళ్ళీ కాదు.

అప్పుడు చిటికెన వేలి కింద ఒక్కసారి, మెల్లగా, లోపలి నుంచి ఎవరో మోచెయ్యి జరుపుకున్నట్టు.

"పది?" అన్నాను.

"పది," అంది అక్క.

బావ గడియారం చూశాడు. గంటా నలభై నిమిషాలు. ఎవరూ నవ్వలేదు. నేను చెయ్యి తీయబోతే అక్క తన చెయ్యి దాని మీద వేసి నొక్కి ఉంచింది.

"ఉండవే," అంది. "మళ్ళీ సాయంత్రం ఆరింటికి."